పాట కిందున్న చప్పుడు

నిరోష దగ్గర ఒక రహస్యం ఉండేది. దాని పొడవు ఎనిమిది సెకన్లు.

అత్త అమృతమ్మ పాడిన ఉయ్యాల పాటలో, మూడో చరణం చివర ముసలామె రాగం సాగదీసే చోట అది ఉండేది. ఎడమ చెవిలో మాత్రమే వినిపించేది. పెద్ద గొంతు కింద, మగ్గం చప్పుడు కింద, వెండి పట్టీల గజ్జెలు మూడుసార్లు సన్నగా మోగేవి. తర్వాత పాటకు బదులు పలికినట్టు ‘ఊఁ’ అని ఒక చిన్న గొంతు. వెంటనే అమృతమ్మ నాలుగో చరణం ఎత్తుకునేది. ఇక ఏమీ ఉండేది కాదు.

ఆ గజ్జెలు, ఆ గొంతు నిరోష మొదటి బిడ్డ హన్వితవి. పిల్లకు ఏడో నెలలో, ముసురు పట్టిన మూడో రోజు, జ్వరం మూర్ఛలోకి తిరిగింది. నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్ దవాఖానకు ఆటోలో పోతుండగానే చేతుల్లో బరువు మారిపోయింది. అలా బరువు మారడం ఏమిటో నిరోషకు అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు కొడుకు రిత్విక్ నిద్రపోయినప్పుడల్లా ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. పిల్లవాడు మెల్లగా ఊపిరి తీసినా భయమే, గట్టిగా తీసినా భయమే.

హన్విత ఫోటో ఒక్కటి కూడా లేదు. ఏడాది నిండకముందు ఫోటో తీస్తే పిల్లలకు ఆయుష్షు తరుగుతుందని అమృతమ్మ పట్టు. ఆ వాకిట్లో పుట్టిన ఏ బిడ్డకూ తీయలేదు. పోయిన పిల్ల గుడ్డలు పిల్లతోనే పోయాయి. ఉయ్యాల తొట్టెల కట్టిన చీరను వాగులో వదిలేశారు. పట్టీలను వెండిపని చేసే అవుసులాయన దగ్గర కరిగించారు. పసిపిల్లలను పూడ్చిన చోట గుర్తురాయి పెట్టరు కాబట్టి, మరుసటి వానాకాలానికి ఆ జాగా ఎక్కడో కూడా తెలియకుండా గడ్డి మొలిచింది. మిగిలింది ఆ ఎనిమిది సెకన్లే.

అవి ఎలా వచ్చాయో చెప్పాలి. హన్విత ఐదు నెలల పిల్లగా ఉన్నప్పుడు, పాటలు సేకరించే కమలాకర్ సార్ హైదరాబాదు నుంచి వచ్చాడు. నేతపని వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు నూలు కండెలు చుట్టుకుంటూ పాడే పాటలు కావాలన్నాడు. వీధిలో ఎవరిని అడిగినా అమృతమ్మ ఇల్లే చూపించారు. నిరోష మగడు వెంకన్న గుంట మగ్గం మీద కూర్చుని ఉన్నాడు. ముసలామె రాట్నం ముందు చతికిలబడింది. దూలానికి కట్టిన తొట్టెలలో హన్విత కాళ్ళాడిస్తోంది. సార్ రెండు మైకులు నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

“మగ్గం ఆపమంటరా సార్?” అన్నాడు వెంకన్న.

“ఆపొద్దు. ఈ ఇల్లెట్లుందో అట్లనే రావాలె.”

“అట్లనే రావాలంటే నా కోడలి సణుగుడు గూడ వస్తది మరి,” అంది అమృతమ్మ. సార్ నవ్వాడు. నిరోష కూడా నవ్వింది. అప్పుడు నవ్వడం తేలిక.

సాయంత్రం పోయేముందు సార్ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. పాటలన్నీ అందులో రెండేసి సార్లు ఉన్నాయి. ఎందుకలా అని అడిగింది నిరోష. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎంపీసీ చదువుతుండగా పెళ్ళి కుదిరి ఆగిపోయిన పిల్ల. ఆ అడిగే గుణం మాత్రం ఆగలేదు.

సార్‌కు ముచ్చటేసింది. పక్కనే మగ్గం దిగిన చీర ఉంటే చేతిలోకి తీసుకున్నాడు. “ఈ చీర పరిస్తే ఇల్లంత అయితది. మడత పెడితే జానెడు. మళ్ళ విప్పితే ఒక్క పోగు తక్కువ గాదు. అవునా? పెద్ద ఫైలు అట్లాంటిది. దాని పేరు ఫ్లాక్. చప్పుడును మడత పెడతది, ఏదీ పారెయ్యదు.”

“మరి చిన్నది?”

“దాని పేరు ఆగ్. ఇది కొన్ని పోగులు తీసేస్తది. పెద్ద చప్పుడు ఉన్నప్పుడు దాని కిందున్న చిన్న చప్పుడు మన చెవికి ఆనదు. ఆననిది ఎందుకని దాన్ని వదిలిపెడతది. అందుకే పదో వంతు జాగల పడతది. రెండూ ఏ కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా ఉచితంగ వాడుకోవచ్చు. దాచుకునేదానికి ఫ్లాక్, ఫోన్ల వినేదానికి ఆగ్.”

“కనపడని పోగులు పీకితే అది చీరెట్లయితది సార్, జల్లెడైతది,” అంది అమృతమ్మ.

“ఆనదని ఎట్ల తెలుస్తది సార్?” అంది నిరోష.

“వేలమందిని కూసోబెట్టి, రెండూ వినిపించి, లెక్క గట్టిండ్రమ్మా.”

ఆ వేలమందిలో బిడ్డ పోయిన తల్లి ఒక్కతైనా ఉండెనా అని అడగాల్సింది. కానీ అప్పటికి హన్విత తొట్టెలలోనే ఉంది. ఆ మాట పుట్టలేదు.

బిడ్డ పోయిన ఐదో నెలలో, ఇల్లు ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం, నిరోష పెన్‌డ్రైవ్‌ను ఫోనుకు కలిపి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఏదో ఒక పాట వినాలనే తప్ప వేరే ఉద్దేశం లేదు. మూడో చరణం చివర గజ్జెలు మోగాయి. నిరోష తొట్టెల ఉండే వైపు తలతిప్పి చూసింది. దూలం ఉంది, కొక్కెం ఉంది. మళ్ళీ వెనక్కి జరిపి వింది. మళ్ళీ జరిపింది. అత్త బజారు నుంచి వచ్చి తలుపు తట్టేదాకా అదే పని.

తర్వాత చిన్న ఫైలులో అదే చోటు పెట్టి చూసింది. అమృతమ్మ గొంతు అచ్చంగా అదే. మగ్గం అదే. గజ్జెలు మోగాల్సిన చోట మాత్రం ఇసుకలో నీళ్ళు ఇంకినట్టు ‘సిస్స్’ మని ఏదో. ‘ఊఁ’ లేదు. ఇదీ అదీ మార్చి మార్చి పెట్టింది. పెద్దదాంట్లో బిడ్డ ఉంది. చిన్నదాంట్లో బిడ్డ తడి మాత్రం ఉంది. సార్ చెప్పింది నిజమే. పెద్ద చప్పుడు కిందున్న చిన్న చప్పుడును అది వదిలిపెట్టింది. నిరోషకు మంట పుట్టింది. పెద్దది ఉండగా ఈ ఎంగిలిది నాకెందుకని చిన్న ఫైళ్ళన్నీ ఆ రోజే తుడిచేసింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అత్త ఊరుకోదు. పోయిన పిల్ల చప్పుడు ఇంట్లో పెట్టుకుంటే పుట్టబోయే వాళ్ళకు కీడంటుంది. ఫోనులోకి ఎక్కించుకుందామంటే ఆ ఫోను ఇద్దరిదీ. అందుకని పెన్‌డ్రైవ్‌ను పసుపు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. కడుపుతో ఉన్నప్పుడు విన్నది. రిత్విక్ పుట్టాక కూడా, వాడికి పాలిస్తూ, ఒక చెవిలో అక్కను వింటూ కూర్చునేది.

వాడికి ఏడాది నిండవచ్చింది. ఈ ఇంట్లో ఫోటోకు అనుమతి దొరికే రోజు. వెంకన్న ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడాడు, వాకిట్లో షామియానా అన్నాడు. అమృతమ్మకు రెండేళ్ళ కింద గొంతులో గడ్డ తీసినప్పటి నుంచి మాట గాలిలాగే వస్తుంది, పాట రాదు. అయినా మనుమడి పుట్టినరోజుకు తన పాటే మోగాలని ఆమె కోరిక. వెంకన్నకు తల్లి కోరిక తీర్చాలని ఉంది. అందులో తప్పేముంది? తప్పెవరిదో తేల్చుకుందామని నిరోష తర్వాత ఎన్నిసార్లు కూర్చున్నా ఇక్కడికి వచ్చే ఆగిపోయేది.

రెండు రోజుల ముందు పొద్దున నిరోష పిల్లవాడికి టీకా వేయించుకు వచ్చింది. సూది గుచ్చిన చోట వాపు వచ్చిందేమోనని తొడను పదిసార్లు చూసుకుంటూ వచ్చింది. వచ్చేసరికి ట్రంకుపెట్టె మూత వారగా ఉంది. పసుపు గుడ్డ చాప మీద పడి ఉంది.

“అత్తమ్మా, పెట్టె ఎవరు తీసిండ్రు?”

“వెంకడు,” అంది అమృతమ్మ గాలిమాటతో. “పాటల పుల్ల కిష్టయ్యకిచ్చిండు. నీ చీరెలేం ఎత్కపోలే తియ్యి.”

నిరోష చెప్పులు వేసుకోకుండానే ఉరికింది.

కృష్ణయ్య బస్టాండు వెనక మైకుసెట్లు కిరాయికిచ్చే మనిషి, యాభై దాటినవాడు. ఆ దుకాణంలోనే ఒక కంప్యూటరు పెట్టుకుని ఫోన్లలోకి పాటలు కూడా ఎక్కిస్తాడు.

“అరె, చంటి పిలగాన్నెత్తుకొని ఎండల గిట్ల ఉరికొస్తరా చెల్లె? కూసో. నీళ్ళు తాగు.”

“అన్నా, పెన్‌డ్రైవ్ యాడున్నది?”

“గదే సాపు జేసి పెట్టిన. ఫికర్ జెయ్యకు.” కృష్ణయ్య సంతోషంగా చూపించాడు. “మా ఆంప్లిఫయర్ ఉన్నది సూడు, అది ముసలెద్దు. ఎంపీత్రీ తప్ప ఇంకేం తినది. మీ పెద్ద ఫైళ్ళు పెడ్తే అసలు గుర్తేపట్టలే. అందుకే అన్నిటిని చిన్నగ జేసిన. ముప్పై ఎంబీల పాట ఇప్పుడు ఒక్క ఎంబీ. అనుకుంటవా?”

“పెద్దయి?”

“పుల్ల గూడ వేరే తీరుగ ఉండె. మిషిని తీస్కోలే. అంత తుడిసి ఫార్మాట్ కొట్టిన. ఖాళీ జాగ ఎందుకని దేవుని పాటలు, సిన్మ పాటలు నిండుగ నింపిన. ఎనిమిది జీబీల ఒక్క సుక్క ఖాళీ లేదు పో.”

“నీ కంప్యూటర్ల?”

“దాంట్ల ఎందుకుంటయి? పనైపోయినంక తుడిసేస్త. ఊరందరివి పెట్టుకుంటే నా మిషిని సచ్చిపోదా?”

నిరోష పిల్లవాణ్ణి రెండో చంకకు మార్చుకుంది. “ఒక్కసారి వినిపించన్నా. చెవులల్ల పెట్టుకునేది ఇయ్యి.”

మూడో చరణం చివరికి జరిపింది. అమృతమ్మ గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుగా ఉంది కానీ, పాట పాటలాగే ఉంది. మగ్గం దూరంగా దిండు కొట్టినట్టుంది. గజ్జెల చోట ‘సిస్స్’ మన్న తడి కూడా లేదు. కుడి చెవిలోదీ ఎడమ చెవిలోదీ కలిపి ఒక్కటి చేసినట్టున్నాడు. తొట్టెల ఏ పక్కన ఉండేదో కూడా తెలియడం లేదు.

“గొంతు మంచిగ లేదా?” అన్నాడు కృష్ణయ్య, ఆమె మొహం చూసి.

“ఉంది.”

“మాటలు తెలుస్తలెవ్వా?”

“తెలుస్తున్నయి.”

“మరి ఏం పోయిందమ్మా?”

ఏం పోయిందని చెప్పాలి? నిరోష పెన్‌డ్రైవ్ తీసుకుని వచ్చేసింది. అంత దూరం ఉరికినందుకు అరికాళ్ళు బొబ్బలెక్కాయని ఇంటికి వచ్చాకే తెలిసింది.

వెంకన్న మగ్గం మీదున్నాడు. నిరోష రాట్నం పక్కన కూలబడి మొదటిసారి మొత్తం చెప్పింది. ఏ పాట, ఏ చరణం, ఏ చెవి, ఎన్ని మోతలు. చెబుతుంటే పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె వెంకన్న చేతిలో ఆగిపోయింది. పడుగు మీద చెయ్యి అలాగే ఉంది.

“బిడ్డ గొంతా?” అన్నాడు.

“ఊఁ అంటది. ఒక్కసారే.”

“నాలుగేండ్ల సంది ఇంటున్నవా?”

“ఆఁ.”

“నాకెందుకు చెప్పలే?”

నిరోష పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

“నాకు గూడ బిడ్డే గదనే!” వెంకన్న నాడెను పక్కకు విసిరాడు. “నాకెందుకు చెప్పలే? చెప్తే ఇస్తుంటినా కిష్టయ్యకు? ఒక్కసారన్న నన్ను విననిచ్చినవా? ఒక్కతివే కూసోని, మొత్తం నువ్వే తిని, ఇయ్యాల నా మీద ఏడ్వొస్తవా?”

“చెప్తే మీ అమ్మ ఉండనిస్తుండెనా?”

“ఏందే, నా మీదికి తెస్తున్నవ్?” వాకిట్లోంచి అమృతమ్మ లోపలికొచ్చింది. ఆ గాలిమాటతో అరవలేక, అరవలేనందుకు ఇంకా కోపంగా, గొంతు మీద చెయ్యి వేసుకుని అంది: “పోయినదాని చప్పుడు పెట్టెల దాసుకొని, పిలగానికి పాలిస్త ఇంటున్నవా? వాని మీద జర పాపమన్న రాలేదా నీకు? నాకు గొంతే పోయింది. నేనేడ్సిన్నా? నా పాట ఉన్నది గద. సాలదా?”

“మీ పాటకేమైంది అత్తమ్మా. అది ఎట్ల జేసినా ఉంటది,” అంది నిరోష. “పెద్దది గద.”

ఆ సాయంత్రం ఎవరి కంచం వాళ్ళే పెట్టుకుని తిన్నారు.

మరునాడు వెంకన్నే కమలాకర్ సార్ నంబరు వెతికి పట్టుకున్నాడు. పాత గోడ క్యాలెండరు వెనక రాసి ఉంది. ఫోను నిరోష చేతికిచ్చి తాను ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“ఎందుకు గుర్తులేదమ్మా! అమృతమ్మ గారి పాటలు మా దగ్గర పదిలంగ ఉన్నయి. ఫ్లాక్‌లోనే. మూడు చోట్ల దాచినం. ఇల్లు కాలిపోయినా అవి పోవు.”

నిరోష వెంకన్న వైపు చూసి తలూపింది. వెంకన్న లేచి నిలబడ్డాడు.

“మాకు ఒక్కటే పాట కావాలె సార్. ఉయ్యాల పాట.”

“ఇప్పుడే లింకు పంపిస్త. ఇంకా మంచిగ ఉంటది. మీకిచ్చింది ఆ రోజుది, పచ్చిది. ఇది మేం నెలరోజులు కూసోని శుభ్రం చేసింది. మగ్గం చప్పుడు, పక్కన గజ్జెలో ఏవో మోగినయి, చంటిపిల్ల గొణుగుడు, అన్నీ ఒక్కొక్కటి ఏరి తీసేసినం. ఇప్పుడు అమ్మ గొంతు ఒక్కటే ముత్యంలాగ ఉంటది.”

“అట్లనే రావాలన్నరు గద సార్. ఇల్లెట్లుందో అట్లనే.”

“అన్ననమ్మా. కానీ దాచేటప్పుడు పైవాళ్ళు ఒప్పుకోలె. పాట స్పష్టంగ ఉండాలన్నరు.”

“పచ్చిది ఉందా సార్?”

“శుభ్రం చేసినంక పచ్చిది ఎందుకుంచుతం తల్లీ? ఎందుకు, ఏమన్న కావాల్నా అందుల?”

“ఏం లేదు సార్,” అంది నిరోష.

లింకు వచ్చింది. నలభై నిమిషాలు పట్టి ఫైలు దిగింది. ఇయర్‌ఫోన్లలో ఎడమది తాను పెట్టుకుని కుడిది వెంకన్నకిచ్చింది. మళ్ళీ ఆలోచించి, ఎడమది అతనికి మార్చింది. పెద్ద ఫైలే. ఒక్క పోగు పారెయ్యని ఫైలే. తనకు ఇచ్చినదాన్ని పొల్లుపోకుండా దాచుకుంది. ఇవ్వనిదాన్ని అదెక్కడి నుంచి తేగలదు? మూడో చరణం చివర అమృతమ్మ రాగం సాగింది. దాని కింద ఇప్పుడే కడిగిన నేలలా నిశ్శబ్దం.

వెంకన్న ఇంకా చెవి నొక్కి పట్టుకునే ఉన్నాడు. “వచ్చిందా?” అన్నాడు. “అయిపోయిందా? నేను సరిగ ఇనలేదేమో, జర ఎనుకకు పెట్టు.”

“లేదు. అందుల లేదు.”

తాను తుడిచేసిన చిన్న ఫైలు అప్పుడు గుర్తుకొచ్చింది నిరోషకు. ఆ ‘సిస్స్’ మన్న తడి. అదైనా ఉంటే ఈ మనిషికి ఇక్కడ, ఇదిగో, ఇక్కడ అని వేలుపెట్టి చూపించేది. ఎంగిలిదని పారేసింది తానే.

పుట్టినరోజు నాడు షామియానా కింద వీధంతా కూర్చుంది. రిత్విక్‌కు కొత్త చొక్కా తొడిగారు. కాళ్ళకు కొత్త వెండి పట్టీలు పెట్టారు. ఆ వెండిలో కరిగించిన పాత పట్టీల వెండి కూడా కలిసి ఉందని ఇంట్లోవాళ్ళకే తెలుసు. ఫోటోగ్రాఫర్ కుర్చీలు సర్దాడు. కృష్ణయ్య ఉత్సాహంగా మీట నొక్కాడు. రెండు స్పీకరు డబ్బాల్లోంచి అమృతమ్మ పాట వాకిలి దాటి, వీధి దాటి మోగింది.

“ఎంత మంచిగున్నదో సూడు అమృతమ్మత్త గొంతు!” అంది పక్కింటి నాగరాణి. “ఒక్క మాట గూడ పోలే.” అమృతమ్మ కళ్ళు తుడుచుకుంది.

మూడో చరణం వచ్చింది. వెంకన్న చుట్టాల మధ్యలోంచి నడిచి వచ్చి నిరోష పక్కన నిలబడ్డాడు.

“గిదేనా?” అన్నాడు మెల్లగా.

“ఇంకా కాలే.”

రాగం సాగింది. నిరోష తలూపింది. ఇద్దరూ డబ్బా వైపు చూస్తూ నిలబడ్డారు. ఇద్దరికీ ఏమీ వినపడలేదు.

సరిగ్గా అప్పుడే నిరోష చంకలోని పిల్లవాడు కాళ్ళు తన్నాడు. కొత్త గజ్జెలు గలగలమన్నాయి.

అమృతమ్మ అది విన్నది. కుర్చీలోంచి లేచి, వంగి, కోడలి చెవి దగ్గరికి వచ్చి గాలిమాటతో అంది. “ఇన్నవా బిడ్డా? అక్క చప్పుడు తమ్ముడు తెచ్చిండు. ఇగ ఏడ్వకు. పోయింది మళ్ళొచ్చింది అనుకో.”

ముసలామె మంచికే అంది. నిరోషకు ఆ సంగతి తెలుసు. అయినా ఫోటోకు వేసిన కుర్చీలో కూర్చుని, చంకలోంచి పిల్లవాణ్ణి దించి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఒక కాలి పట్టీ కీలు విప్పింది. తర్వాత రెండోది.

“ఏం జేస్తున్నవే?” అంది అమృతమ్మ.

“ఇది వీడి చప్పుడు అత్తమ్మా. దానిది గాదు. దానిది లేదు.”

“అమ్మా, పట్టీలు ఉండనియ్యిండ్రి, ఫోటోల మంచిగొస్తయి,” అన్నాడు ఫోటోగ్రాఫర్.

నిరోష వినిపించుకోలేదు. పట్టీలు చప్పుడు కాకుండా పిడికిట్లో గట్టిగా మూసుకుంది. వెంకన్న పక్క కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా మెరిసింది. వాళ్ళ బిడ్డల్లో ఒకరికి తీసిన మొదటి ఫోటో అది. అందులో పిల్లవాడి కాళ్ళు బోసిగా ఉన్నాయి. తల్లి తలెత్తి చూడలేదు. పిల్లవాడి ముక్కు కింద వేలు పెట్టి ఉంది.